పసుపు, పౌడర్, ఒక ఓ రింగు: పాత మారుతి 800 లీకులతో నాలుగేళ్లు

నాది 2006 మోడల్ మారుతి 800, ఓఆర్ 10 (కొరాపుట్ రిజిస్ట్రేషన్) బండి. ఉండేది ఒడిశాలోని జయపురంలో. కొరాపుట్ వెళ్లాలంటే ఒక ఘాటీ (కొండదారి). సాలూరు మీదుగా విజయనగరం వెళ్లొస్తే తిరుగు ప్రయాణంలో సుంకి ఘాటీ అంతా లారీల వెనుక రెండో గేరులో ఎక్కాలి. ఇంజిన్‌లో ఏ లోపమున్నా అక్కడ బయటపడుతుంది. పదిహేనేళ్లు నిండాయని 2021లో రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సి వచ్చింది. అప్పటికి బండి కింద నల్లటి జిడ్డు, రేడియేటర్ మీద తెల్లటి చారలు. ఆయిలూ కారుతోంది, నీళ్లూ కారుతున్నాయి. అప్పుడు చేయించిన రిపేర్లు నాలుగేళ్లలో, దాదాపు 38,000 కిలోమీటర్లలో ఎంతవరకు నిలిచాయో రాస్తున్నాను.

ముందు ఆయిల్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్క వేలాడుతూ ఉండేది. మా మిస్త్రీ (మెకానిక్) మాట సగం ఒడియా, సగం తెలుగు. కింద దూరి చూసి, "తెలొ పొడుచి బాబూ, క్రాంక్ వెనక సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాల" అన్నాడు. అంటే ఆయిల్ కారుతోందట, ఇంజిన్ ఇరుసు వెనక చివర ఆయిల్ ఆపే రబ్బరు సీలు పోయిందట. గేర్‌బాక్స్ దించితే ఎలాగూ క్లచ్ ప్లేటు కూడా మార్చేస్తారు. ఖర్చు తలుచుకుని వారం గడువు అడిగాను.

ఆ వారంలో చేసిన పనే అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి, ఆల్టర్నేటర్‌కి పాలిథిన్ కవర్లు కట్టి, డీజిల్, బ్రష్షుతో జిడ్డంతా వదలగొట్టాను. మర్నాటికి బాగా ఆరాక అనుమానం ఉన్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. "కారుకి పౌడరేంటి నాన్నా!" అని మా అమ్మాయి ఒకటే నవ్వు. పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి బానెట్ ఎత్తితే, తెల్లటి పొడి మీద గోధుమరంగు గీత ఒకటి. కింద సీలు దగ్గర కాదు, పైన డిస్ట్రిబ్యూటర్ మొదట్లో మొదలైంది. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) చివర, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాని ఓ రింగు, అంటే ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు, గట్టిపడితే ఆయిల్ హెడ్ వెంట జారి సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు మీద పడుతుంది. కింద నుంచి చూసినవాడికి క్రాంక్ సీలు పోయినట్టే కనిపిస్తుంది. పాత రింగు బయటికి తీసి వంచబోతే పటుక్కున విరిగింది, ఎండిన చింతకాయ పెంకులా. కొత్తదానికి వంద రూపాయలు కూడా కాలేదు. మిస్త్రీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ తాగుదాం రమ్మన్నాడు. ఆ రింగు ఇప్పటికీ పొడిగానే ఉంది.

టాపెట్ కవర్ (హెడ్ మీది మూత) కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ కథ వేరు. మొదట వేయించిన లోకల్ సరుకు ఏడాది తిరక్కుండానే అప్పడంలా అయింది. రెండోసారి కంపెనీ ప్యాకింగ్ విజయనగరం నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాను, మూడేళ్లుగా ఇబ్బంది లేదు. కారుతోంది కదా అని ఆ బోల్టులను బలం కొద్దీ బిగిస్తే రబ్బరు నలిగి లీకు పెరుగుతుంది. కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి వెళ్లే బ్రీదర్ పైపు కూడా విప్పి చూసుకోండి. నాది లోపల బురదతో సగం మూసుకుపోయి ఉంది. లోపలి గాలికి దారి లేకపోతే అది ఆయిల్‌ని ఏ సీలు సందులోంచైనా తోసేస్తుంది. ఎన్ని ప్యాకింగులు మార్చినా దండగే. సిలికాన్ పేస్ట్ ఎక్కువ పూస్తే పని గట్టిగా ఉంటుందని కొందరి నమ్మకం. లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఆయిల్ జాలీకి అడ్డుపడితే ఇంజినే పోతుంది.

ఇక నీళ్లు. 2020 డిసెంబరులో సాలూరు నుంచి వస్తుంటే సుంకి దాటకముందే రేడియేటర్ నుంచి ఆవిరి. వెనకాల ఆగిన లారీ డ్రైవరు, "మూత ముట్టుకోకండి అన్నా" అని చెప్పి, ముప్పావుగంట ఆగి, బండి చల్లారాక తన వంట సామాన్లలోంచి పసుపు తీసి రెండు చెంచాలు రేడియేటర్‌లో పోశాడు. సన్నటి చిల్లు మూసుకుంది, ఇంటికి చేరాం. పసుపు పని అంతవరకే. తర్వాత రేడియేటర్ దించితే సన్నని గొట్టాల్లో పసుపు ముద్దలు గడ్డకట్టి ఉన్నాయి. కొత్త రేడియేటర్ కొనాల్సి వచ్చింది. సీసాల్లో అమ్మే లీక్ స్టాప్ మందుల మీద కూడా నాకు ఇదే అభిప్రాయం.

అసలు తప్పు నాదే. ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాను. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అక్కడ తడి కనిపిస్తే లోపలి సీలు పోయినట్టు. పంప్‌తో పాటు టైమింగ్ బెల్టు, ముందువైపు సీళ్లు ఒకేసారి మార్పించాను. హోస్ పైపులు, క్లిప్పులు, రేడియేటర్ మూత కూడా కొత్తవే. మూతని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల ఒత్తిడి నిలబెట్టేది అదే, ఆ ఒత్తిడి వల్లే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. అప్పటి నుంచి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్, రెండేళ్లకోసారి మార్పు. ఘాటీలో వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

ఒక్క టెన్షన్ మాత్రం పడ్డాను. 2021 చలికాలంలో ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున మీగడలాంటి పదార్థం. హెడ్ ప్యాకింగ్ పోయి నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని నిద్ర పట్టలేదు. కానీ రేడియేటర్‌లో బుడగల్లేవు, నీళ్లు తగ్గలేదు, పొగ మామూలే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. తీరా తెలిసిందేమిటంటే, వేడెక్కకుండా ఉంటుందని మిస్త్రీ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్లోకి పోకుండా ఆపే వాల్వు) తీసి పక్కన పెట్టేశాడు! కొరాపుట్ చలిలో, బజారుకి మూడు కిలోమీటర్లు తిరిగే బండికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కక, లోపలి చెమ్మ ఆయిల్‌తో కలిసి మూతకి పేరుకుంది. థర్మోస్టాట్ తిరిగి పెట్టించాక మీగడ పోయింది, మైలేజీ కూడా కాస్త మెరుగైంది.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ప్యాకింగ్ ఒక్కటే ఇంకా చెమరుస్తోంది. రాత్రిళ్లు బండి కింద పాత క్యాలెండర్ షీటు తెల్లవైపు పైకి పెట్టి పరుస్తాను. నెలకి రూపాయి బిళ్లంత మచ్చ పడుతోంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని మిస్త్రీ అంటాడు. పొద్దున్నే చలికి స్టార్టింగ్ బరువవుతుందని నేను ఒప్పుకోలేదు. మచ్చ పెద్దదైతే అప్పుడు దింపిస్తాను.