బాన్‌ష్టాట్ పాసివ్ హౌస్ ఫ్లాట్: చలికాలానికి 5కి 5, వంటగదికి 5కి 2

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఇల్లు వెతుక్కునే మనవాళ్లు, ముఖ్యంగా దగ్గర్లోని వాల్‌డోర్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లు, రైల్వే స్టేషన్ పక్కనే కదా అని బాన్‌ష్టాట్ వైపు చూస్తారు. ఒకప్పటి గూడ్స్ యార్డు స్థలంలో వేసిన పేట అది. పేట మొత్తం పాసివ్ హౌస్ ప్రమాణంతోనే, అంటే హీటింగ్ అవసరం బాగా తక్కువ ఉండేలా, కట్టాలని నగరపాలకులు ముందే నిర్ణయించారు. మేం అక్కడే ఒక ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. ఓనర్ పేరు, బిల్డర్ పేరు మీకు అనవసరం, నేను చెప్పేది చాలావరకు డిజైన్ గురించే.

చలికాలం మాత్రం రాజభోగం. బయట మైనస్‌లో ఉన్నా కిటికీని ఆనుకుని కూర్చుని టీ తాగొచ్చు, కాళ్ల దగ్గర చల్లగాలి కొట్టదు, మూలల్లో తేమకి ఫంగస్ పట్టదు. మూడు పొరల గాజు, మందపాటి ఇన్సులేషన్, సందుల్లోంచి గాలి దూరకుండా సీల్ చేసిన గోడలు, అంతే రహస్యం. 1991లో డార్మ్‌ష్టాట్ ఊళ్లో ఈ పద్ధతి రూపకర్తల్లో ఒకరైన వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ వాళ్లు దిగిన మొదటి నాలుగు వరస ఇళ్ల నుంచి వస్తున్న లెక్క ఇది: చదరపు మీటరుకి ఏడాది మొత్తం మీద హీటింగ్ అవసరం 15 యూనిట్లు దాటకూడదు. అంటే 80 చదరపు మీటర్ల ఫ్లాట్‌కి ఏడాదికి 1200 యూనిట్లు. ఇంకోలా చెప్పాలంటే, గడ్డకట్టే చలిలో కూడా 20 చదరపు మీటర్ల హాలుకి 200 వాట్లు ఉంటే సరిపోతుంది, చుట్టాలు నలుగురు వచ్చి కూర్చుంటే హీటర్‌తో పనే లేదు!

అలాగని బిల్లు సున్నా వస్తుందనుకోకండి. ఇక్కడ వేడి నీళ్లు, హీటింగ్ రెండూ డిస్ట్రిక్ట్ హీటింగ్ పైపు నుంచే, అంటే ఊరికంతటికీ ఒకచోట వేడి చేసి పంపే నీళ్ల నుంచే వస్తాయి, వాడినా వాడకపోయినా దానికి ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. పైగా ఇలాంటి ఇళ్లలో గది వేడి కంటే స్నానాల నీళ్లకే ఎక్కువ ఖర్చవుతుంది. ఆదివారం తలంట్లు పోసుకునే ఇల్లైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు, ఇల్లంతా ఒకటే ఉష్ణోగ్రత. హాలు వెచ్చగా, పడకగది చల్లగా ఉండాలంటే కుదరదు, ఎందుకంటే లోపలి గోడలకి ఇన్సులేషన్ ఉండదు, వేడి అన్ని గదులకీ సమానంగా పాకుతుంది. దుప్పటి కప్పుకుని పడుకోవడం ఇష్టమున్న మా ఆవిడకి ఇది ఇప్పటికీ కంప్లైంటే. ఇడ్లీ పిండి ఇక్కడ చక్కగా పొంగుతుందని ఎవరో చెప్పారు, 21, 22 డిగ్రీల్లో ఏం పొంగుతుంది? ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, వంటగది. ఈ ఇళ్లలో లోపలి పాత గాలిని బయటికి పంపేటప్పుడు దాని వేడిని కొత్తగా వచ్చే గాలికి అందించే వెంటిలేషన్ మిషన్ ఉంటుంది, కనీసం 75 శాతం వేడి వెనక్కి రావాలని రూలు. అలా జాగ్రత్తగా దాచుకున్న వేడిని చిమ్నీ పెట్టి బయటికి తోసేస్తే లాభమేంటని, పొయ్యి మీద బయటికి గొట్టం లేని హుడ్ పెట్టారు. అది జిడ్డు పట్టుకుంటుంది, బొగ్గు ఫిల్టర్ వాసనని కొంచెం తగ్గిస్తుంది, గాలిని మళ్లీ వంటగదిలోకే వదులుతుంది. సూప్ కాచుకునేవాళ్లకి చాలేమో. ఇంగువ తాలింపు పెట్టి చూడండి, చేపల పులుసు సంగతి సరే, ఎండుచేపలు వేయించామంటే రెండో రోజు కూడా సోఫా కుషన్లు సాక్ష్యం చెబుతాయి. వంటగది హాలుతో కలిసే ఉండటంతో తలుపేసే దారి కూడా లేదు. నేను కనిపెట్టిన మార్గం: పొయ్యి వెలిగించే ముందే వెంటిలేషన్‌ని ఫుల్ స్పీడ్‌కి మార్చడం, వంటయ్యాక కిటికీ బార్లా తెరిచి ఐదు నిమిషాల్లో మూసేయడం. కిటికీ చలికాలంలో తెరవకూడదని కొందరు భయపెడతారు, అదేం లేదు, తెరవొచ్చు. ఇక్కడి కిటికీల పైభాగాన్ని లోపలికి కొంచెం వాల్చొచ్చు, అలా రోజంతా వదిలేస్తేనే దండగ.

వెంటిలేషన్ మిషన్ వల్ల మంచి కూడా ఉంది, ఫిల్టర్ల వల్ల వసంతంలో పుప్పొడి తుమ్ములు బాగా తగ్గాయి. కానీ ఫిల్టర్ మార్చాల్సింది హౌస్ మేనేజ్‌మెంట్, వాళ్లకి మెయిల్ మీద మెయిల్ పెడితే గానీ మనిషి రాలేదు, ఈలోగా మిషన్ మోత పెరిగి రాత్రుళ్లు చిరాకు. చలికాలంలో గాలి పొడిబారి పెదవులు పగులుతాయి, అందుకే మేం బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాం. పాత ఇంట్లో అలా ఆరేస్తే గోడలు పాడయ్యేవి, ఇక్కడ పర్లేదు.

వేసవి గురించి ఏజెంట్లు మాట్లాడరు. హైడెల్‌బర్గ్ ఎండలు తక్కువేం కావు, లోపలికొచ్చిన వేడి ఈ ఇంట్లోంచి తొందరగా పోదు. దక్షిణం కిటికీలతో బాధ లేదు, వేసవి మధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తులో ఉంటాడు కాబట్టి బాల్కనీ నీడ సరిపోతుంది. పడమటి ఎండ మాత్రం అడ్డంగా వస్తుంది, మా హాలు పడమటిదే. కిటికీ బయట ఉండే బ్లైండ్లు పొద్దున్నే దించి, రాత్రి చల్లబడ్డాక కిటికీలు తెరవాలి. లోపలి కర్టెన్లు ఎంత మందంవి కట్టినా లాభం లేదు, వేడి అప్పటికే గాజు దాటేసి ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే ఆ బ్లైండ్లు సెన్సర్ వల్ల వాటంతటవే పైకి లేస్తాయి, మధ్యాహ్నం ఆఫీసులో ఉన్నప్పుడు అలా జరిగిందా, సాయంత్రానికి హాలు ఉడికిపోతుంది.

విజయవాడలో ఇలాంటిది కట్టొచ్చా అని మా బాబాయి అడిగారు. కట్టొచ్చు, కానీ ఇదే ప్లాను ఎత్తుకెళ్తే కాదు. అక్కడ శత్రువు ఎండా, ఉక్కా. పైకప్పు, కిటికీ నీడ, గాలిలో తేమ తీయడం మీద డబ్బు పెట్టాలి, మూడు పొరల గాజు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.

మొత్తం మీద 5కి 4 ఇస్తాను, అద్దె ఎక్కువైనా మళ్లీ తీసుకుంటాను. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు ఏ దిక్కుకుందో, బ్లైండ్లు బయట ఉన్నాయో లేదో, ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో అడగండి. వంటగదికి తలుపున్న ఫ్లాట్ దొరికితే మాత్రం ఇంకేం ఆలోచించకుండా అప్లికేషన్ ఇచ్చేయండి.