డిక్కీలో ఏది ఉండాలి: జంప్ స్టార్టరా, కేబుళ్లా?

సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి పన్నెండు రోజులకు హైదరాబాద్ తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున సెల్లార్‌లో కారు తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. టక్ టక్ మని చప్పుడు, మీటర్ లైట్లు మినుకుమినుకు. టెన్షన్ పడలేదు, డౌన్ అయిన బ్యాటరీకి కరెంటిచ్చి బండి స్టార్ట్ చేయించే డబ్బా, జంప్ స్టార్టర్, డిక్కీలో ఉంది కదా! తీసి బటన్ నొక్కితే ఒక్క లైటూ వెలగలేదు. కొన్న కొత్తలో ఒక్కసారి ఛార్జింగ్ పెట్టినట్టు గుర్తు. అది ఏడాదిన్నర కిందటి మాట. చివరికి మూడో అంతస్తు అంకుల్ తన పాత జంపర్ కేబుళ్లు తెచ్చి, తన కారు బ్యాటరీని మా దానికి కలిపి ఐదు నిమిషాల్లో బండి స్టార్ట్ చేయించారు. "ఇంతకీ ఆ డబ్బా దేనికి బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి ఏది కొనమంటారని ఎవరడిగినా ముందు ఒకటే అడుగుతున్నాను: మూడు నెలలకోసారి గుర్తుపెట్టుకుని ఛార్జ్ చేస్తారా? "ఆఁ, చూద్దాంలే" అన్నారంటే కేబుళ్లే కొనుక్కోమంటాను.

కేబుళ్లకు ఛార్జింగ్ గొడవ లేదు, ఎండంటే భయం లేదు, ధర కూడా చాలా తక్కువ. ఏళ్ల తరబడి స్టెపినీ పక్కన పడేసినా పని చేస్తాయి. కానీ ఇంకో కారు కావాలి, అది కేబుల్ అందేంత దగ్గరికి రావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇదే పెద్ద చిక్కు. మన బండి మూతి గోడకు ఆని ఉంటుంది, అటు పిల్లర్, ఇటు ఎవరిదో బండి. ఆ రోజు పక్క స్లాట్ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. రాత్రి పదకొండుకు హైవే మీద ఎవరాగుతారు? ఆగినా, తన బండి ఎలక్ట్రానిక్స్‌కి ఏమవుతుందోనని వెనకాడొచ్చు. పక్కింటివాళ్లది ఎలక్ట్రిక్ కారైతే ఆ ఆశ వదులుకోవాల్సిందే. దాంతో వేరే కారుకు జంప్ ఇవ్వొద్దని వాటి మాన్యువళ్లు సాధారణంగా చెబుతాయి.

కేబుల్ కొనేటప్పుడు బయటి రబ్బరు లావు చూసి మోసపోవద్దు. సెల్ఫ్ తిరిగేటప్పుడు చిన్న పెట్రోల్ కారైనా వంద, రెండు వందల యాంపియర్లు లాగుతుంది. లోపలి తీగ సన్నదైతే వేడెక్కుతుంది, వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. తీగ అసలు రాగిదా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని అడగండి.

తగిలించే వరస కూడా తెలిసుండాలి. ఎర్ర కేబుల్ ఒక కొస డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొస మాత్రం మన ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి ఎడంగా. ఆ చివరి క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ రావొచ్చు, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు. ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యూజుల నుంచి, బండి నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ దాకా దేనికైనా దెబ్బ తగలొచ్చు. కేబుల్ మనల్ని హెచ్చరించదు.

లిథియం జంప్ స్టార్టర్ గెలిచేది ఇక్కడే. మంచి డబ్బాల క్లిప్పుల్లో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. తప్పుగా తగిలిస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, కరెంటు వదలదు. ఇంకో కారు అక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నైట్ షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికొచ్చేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు. ఒక మెలిక మాత్రం ఉంది. కారు బ్యాటరీ మరీ అడుగంటిపోతే, డబ్బా దాన్ని గుర్తించలేక ఏమీ తగిలించలేదనుకుంటుంది. అప్పుడు బూస్ట్ బటన్ నొక్కాలి. అది నొక్కాక చాలా డబ్బాల్లో ఆ రక్షణ పని చేయదు, కాబట్టి ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకుని నొక్కండి.

అట్ట మీది అంకెలు చూసి మురిసిపోవద్దు. "2000 పీక్ యాంప్స్" అంటే రెప్పపాటు కాలం మాత్రమే ఇవ్వగల కరెంటు. 10,000 ఎంఏహెచ్ అన్నది 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే డబ్బాలో నిల్వ ఉండే మొత్తం శక్తి 37 వాట్-అవర్లు. ఒకసారి సెల్ఫ్ కొట్టడానికి ఎంత కావాలో లెక్కేయండి: 200 యాంపియర్లు, 10 వోల్టులు, మూడు సెకన్లు అనుకుంటే రెండు వాట్-అవర్లు కూడా కావు. చిన్న పెట్రోల్ కారుకు చిన్న డబ్బా చాలు. డీజిల్ బండికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి, ఎన్ని లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి సరిపోతుందని రాశారో చూసి కొనండి. ఏదైనా సరే, ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి. స్టార్ట్ అవగానే క్లిప్పులు తీసేయండి.

అసలు గొడవ ఎండతో. లిథియం డబ్బాలను 60 డిగ్రీలు దాటిన చోట పెట్టొద్దని సాధారణంగా రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 ఉంటే, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు 70 దాటగలదు. కారు బ్యాటరీని తినేసే ఎండే, దానికి మందని కొన్న డబ్బానూ తినేస్తుంది. ఉబ్బిన డబ్బాను ఇక ఛార్జింగ్ పెట్టకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

ఈ బాధ పడలేనివాళ్లకు సూపర్ కెపాసిటర్ రకం ఒకటుంది. ఇందులో లిథియం సెల్ ఉండదు, వేడిని బాగా తట్టుకుంటుంది, ముందుగా ఛార్జ్ చేసి ఉంచక్కర్లేదు. డౌన్ అయిన బ్యాటరీలో మిగిలిన కాస్త కరెంటునే కొన్ని నిమిషాల పాటు పీల్చి పోగుచేసుకుని, ఒక్కసారిగా వదులుతుంది. బ్యాటరీలో ఆ కాస్తా లేకపోతే పవర్ బ్యాంకుతోనో ఇంకో బండితోనో నింపాలి. ఖరీదెక్కువ, దొరకడం తక్కువ. మతిమరుపు మనిషికి, మండే ఎండకు ఇదే సరైన జోడీ అని నా అభిప్రాయం.

ఇన్సూరెన్స్‌తో వచ్చే రోడ్‌సైడ్ సర్వీసు ఉందిగా అంటారు. ఉంది, వచ్చేదాకా కూర్చునే ఓపిక ఉంటే. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండికే, అదీ నలుగురు మనుషులుంటేనే.

ఎలా స్టార్ట్ చేసినా ఆ తర్వాత అరగంటైనా బండి నడపాలి. నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే పెద్దగా ఛార్జ్ ఎక్కదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు రావాలి. 12 దగ్గర ఊగిసలాడుతూ, నెలలో రెండుసార్లు డౌన్ అయిందంటే ముందు టెర్మినళ్ల మీది తెల్ల పొడి తుడిచి చూడండి. అయినా మారకపోతే, నాలుగేళ్లు దాటిన బ్యాటరీకి కేబుళ్లెందుకు, డబ్బాలెందుకు? కొత్తది వేయించండి.

నేనిప్పుడు డిక్కీలో కేబుళ్లు ఉంచుతున్నాను. డబ్బా మాత్రం ఇంట్లో చెప్పుల స్టాండు మీదికి చేరింది. "కారు ఆగేది రోడ్డు మీదైతే డబ్బా ఇంట్లో ఉండి ఏం లాభం?" అంది మా ఆవిడ. మా బండి ఇప్పటికి మూడుసార్లు మొరాయించింది, మూడుసార్లూ సెల్లార్‌లోనే. లిఫ్ట్ ఎక్కి తెచ్చుకోవడమేగా.