వోబాన్ పేట: పిల్లలకు దక్కిన వీధి, దాన్ని చెడగొట్టే నాలుగు సంగతులు

జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరానికి దక్షిణపు అంచున ఉన్న వోబాన్‌ను కార్లు లేని పేట అంటారు. అది సగమే నిజం. కారు గుమ్మం దాకా రావచ్చు, సామాను దించుకోవచ్చు, పెద్దవాళ్లను ఎక్కించుకోవచ్చు. అక్కడే ఆపి ఉంచకూడదు, అంతే. పిల్లల విషయంలో ఈ పేటకు వచ్చిన పేరంతా ఆ ఒక్క నియమం వల్లే.

ఐదేళ్ల పిల్లాడి ఎత్తు మీటరు కంటే కాస్త ఎక్కువ. ఆపి ఉన్న రెండు కార్ల సందులోంచి బంతి వెంట పరుగెత్తుకొస్తే డ్రైవరుకు వాడు కనబడేది బంపరు దాటాకే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి సుమారు 27 మీటర్లు కావాలి, 30 అయితే 13. నడక వేగంలో రెండు మూడు మీటర్లు చాలు. వోబాన్ లోపలి వీధుల్లో వేగమూ తక్కువే, చూపుకు అడ్డమూ లేదు. వేగం ఒక్కటే తగ్గించి కార్లను వరసగా ఆపుకోనిచ్చిన చోట ఈ ఫలితం రాదు. చోటు లెక్క కూడా చూడండి: ఒక కారు ఆపడానికి పది చదరపు మీటర్లు. ఇరవై కార్లు తీసేస్తే రెండు బ్యాడ్మింటన్ కోర్టులు పట్టి ఇంకా మిగులుతుంది.

ఇది 1992లో ఫ్రెంచి సైన్యం ఖాళీ చేసిన బ్యారక్‌ల స్థలం. అప్పటి పెద్ద చెట్లను కొట్టకుండా చుట్టూ ఇళ్లు కట్టారు. వీధులు చాలావరకు యు ఆకారంలోనో, చివర మూసుకుపోయో ఉంటాయి. అడ్డదారి దొరకదు కాబట్టి పని లేని కారు లోపలికి రాదు, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రం దారి ఉంటుంది. వీధి మొదట్లో ఇల్లు, కారు, బంతితో పిల్లాడు ఉన్న నీలం బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు ఉన్నచోట రోడ్డు మొత్తం మీద ఆడుకోవడం పిల్లల హక్కు, ఆగాల్సింది బండే. కారున్నవాళ్లు పేట అంచున ఉన్న బహుళ అంతస్తుల గ్యారేజీలో వేల యూరోలు పెట్టి చోటు కొనుక్కోవాలి. లేనివాళ్లు తమకు కారు లేదని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఇళ్ల వరసల మధ్య పచ్చిక పట్టీలు, దక్షిణాన వాగు, పిల్లల కోసం జంతువులున్న ఒక సాహస ఆటస్థలం కూడా ఉన్నాయి. అవన్నీ బాగున్నాయి కానీ, అసలు ఆట నడిచేది గుమ్మం ముందే. సుద్దతో గీసిన గళ్ల మీద ఎవరూ కారు ఆపరు. వంటింటి కిటికీలోంచి పిలిస్తే పలికే దూరంలో ఉంటారు కాబట్టి చిన్నపిల్లలను కూడా పెద్దలు వెంట లేకుండా వదలగలుగుతారు. పదేళ్ల లోపు పిల్లలకైతే ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. పదమూడు దాటినవాళ్లకు మూడే: ఇసుక గుంటలు వాళ్లకు పనికిరావు, సాయంత్రం గుంపుగా కూర్చుంటే ఇళ్లలోకి మాటలన్నీ వినిపిస్తాయి.

ఇక లోపాలు. మొదటిది డెలివరీ వ్యాన్లు. చివర మూసిన వీధిలో వ్యాను వెనక్కి రావాల్సిందే, వెనక కూర్చుని సుద్దతో గీసుకుంటున్న పిల్లలు అద్దంలో కనబడరు. రెండోది సైకిళ్లు. చట్టం ప్రకారం వాటికీ నడక వేగమే, పాటించేవాళ్లు తక్కువ. మూడోది ట్రామ్. 2006 నుంచి ప్రధాన వీధి వెంట నడుస్తోంది, పట్టాల మధ్య గడ్డి పెంచారు. చూడముచ్చటగానే ఉంటుంది, కానీ నాలుగేళ్ల పిల్లకు అది పచ్చికబయలే, పైగా ట్రామ్ పెద్దగా చప్పుడు చేయదు. పట్టాల అంచున ఆగడం విడిగా నేర్పాలి. నాలుగోది, కారు లేదని రాసిచ్చి పక్క పేటలో ఆపుకునేవాళ్లు. వాళ్ల వల్ల ఇక్కడి పిల్లలకు నష్టం లేదు, ఆ పక్క పేట పిల్లలకే.

ఇక్కడ ఇల్లు వెతికేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అన్ని వీధులూ పార్కింగ్ లేనివి కావు. ప్రధాన వీధిలో డబ్బు కట్టి ఆపుకోవచ్చు, వేగ పరిమితి కూడా 30. ఒకే పేట పేరు మీద రెండు రకాల బాల్యాలు దొరుకుతాయన్నమాట. ప్రకటనలో ఏం రాసినా, పని వేళలు ముగిశాక సాయంత్రం వెళ్లి గుమ్మం ముందు ఎన్ని కార్లు ఆగి ఉన్నాయో చూడండి.