పిరికి కుక్కకి మూడు పట్టీల హార్నెస్: కొనొచ్చు, కానీ మెడ దగ్గర బకిల్ చూసుకోండి

మీ కుక్క పిల్లప్పటి నుంచి మీ దగ్గరే పెరిగి, లీష్ చేతిలోకి తీసుకోగానే తోక ఊపుకుంటూ గుమ్మం దగ్గరికి పరిగెత్తే రకమైతే ఈ రివ్యూ మీకు అక్కర్లేదు, మామూలు హార్నెస్ (మెడకి మాత్రమే కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు) చాలు. రోడ్డు మీద నుంచో, షెల్టర్ నుంచో, కట్టేసి కొట్టిన ఇంటి నుంచో వచ్చి, మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు నేలకి అతుక్కుపోయే కుక్కని తెచ్చుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మా బుజ్జి ఆ బాపతే.

భయపడ్డ కుక్క ముందుకి లాగదు, వెనక్కి జరుగుతుంది. తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, వెనక కాళ్లు ఆన్చి ఒక్క గుంజు గుంజిందంటే కాలర్ తల మీదుగా ఊడి మన చేతికొస్తుంది. రెండు పట్టీల హార్నెస్‌ నుంచి కూడా ఇలాగే జారిపోతాయి, కాకపోతే ఇంకొంచెం కష్టపడాలి. కొత్తగా వచ్చిన కుక్క అలా తప్పించుకుంటే పిలిచినా రాదు. ఆ పేరు తనదని ఇంకా తెలీదు, ఇల్లు ఎటో తెలీదు, మనం వెంటపడితే ఇంకా దూరం పోతుంది. చర్మం కింద చిప్ వేయించాం కదా అని కొందరు ధీమాగా ఉంటారు, కానీ మైక్రోచిప్‌లో ఉండేది ఒక నంబర్, మామూలుగా 15 అంకెలు, అంతే. ఎవరో కుక్కని పట్టుకుని స్కానర్ పెడితేనే దానితో పని, కుక్క ఎక్కడ తిరుగుతోందో అది చెప్పదు.

ఈ హార్నెస్‌లో మెడకి ఒకటి, ముందు కాళ్ల వెనక ఒకటి కాకుండా, పక్కటెముకలు అయిపోయి నడుము సన్నబడే చోట మూడో పట్టీ ఉంటుంది. కుక్క వెనక్కి గుంజినప్పుడు హార్నెస్ మొత్తం తల వైపుకి జారుతుంది కదా, అప్పుడు ఆ సన్నటి పట్టీ వెడల్పాటి ఛాతీని దాటలేక ఆగిపోతుంది. మా కళ్లముందే పనిచేసింది. పక్కనుంచి ఒక బైక్ సైలెన్సర్ ఢామ్మని పేలినట్టు మోగితే బుజ్జి మెలికలు తిరిగిపోయి, కాలర్ చెవుల దాకా వచ్చేసింది, హార్నెస్ మాత్రం కదల్లేదు. గ్రేహౌండ్ లాగా ఛాతీ లోతుగా, నడుము సన్నగా ఉండే కుక్కలకి ఇది బాగా కుదురుతుంది. పగ్ లాగా పైనుంచి కింది దాకా ఒకే లావున్న వాటికి మూడో పట్టీ ఉన్నా పెద్దగా ఒరిగేది లేదు.

ఇక తొడగడం. అసలు కథ ఇక్కడే ఉంది, ప్యాకెట్ మీద దీని గురించి ఒక్క ముక్క రాయలేదు. బకిల్ పెట్టినప్పుడు టక్ మని గట్టిగా మోగుతుంది. మనకి అదో శబ్దమే కాదు, బుజ్జికి మాత్రం ఆ టక్ వింటే మంచం కిందే చోటు. అందుకని హార్నెస్‌ని దూరంగా పట్టుకుని, బకిల్‌ని గుప్పిట్లో మూసి, మెల్లగా నొక్కి, వెంటనే చికెన్ ముక్క వేసేవాళ్లం. ముక్క కూడా చేతికి దగ్గరగా కాదు, కుక్క వెనక్కి విసరాలి. దగ్గరికి రావడం కంటే వెనక్కి పోయే దారి ఉందని తెలియడం దానికి ముఖ్యం, ఆ దారి ఉందంటేనే మళ్లీ వస్తుంది. మీద వంగి నిలబడకుండా పక్కకి తిరిగి కింద కూర్చోండి. మూతి నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా, తల తిప్పేసుకుని కంట్లో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తున్నా ఆ పూటకి ఆపేయండి. మెడపట్టీలోంచి ముక్క చూపిస్తే తనంతట తానే తల దూర్చిన రోజు వస్తుంది, అప్పటిదాకా ఇంట్లోనే.

గట్టిగా పట్టుకుని తొడిగేస్తే అదే అలవాటవుతుందని సలహా ఇచ్చేవాళ్లు బోలెడంత మంది. అలా చేస్తే కుక్క కదలకుండా నిలబడే మాట నిజమే, కానీ అది అలవాటు కాదు, ఇక చేసేదేమీ లేక బిగుసుకుపోవడం. బుజ్జగిస్తే భయం ఇంకా ముదురుతుందనేది ఇంకో మాట. భయం అనేది చెయ్యివ్వు అంటే ఇచ్చే విద్య కాదు కదా, ముద్దు చేస్తే పెరగడానికి! ఆసరా కోసం దగ్గరికొచ్చిన కుక్కని నిశ్చింతగా నిమరండి.

లీష్ కొక్కెం రెండు చోట్ల తగిలించండి, ఒకటి హార్నెస్‌కి, ఇంకొకటి కాలర్‌కి. ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. బటన్ నొక్కితే తాడు సాగే లీష్ మాత్రం వద్దే వద్దు, దాని ప్లాస్టిక్ పిడి చేతిలోంచి జారితే టకటకమంటూ కుక్క వెనకాలే తరుముకుంటూ వస్తుంది, అసలే పిరికిది, ఇక ఆగుతుందా. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు హార్నెస్ తీసేయండి, పట్టీలో దవడో కాలో ఇరుక్కుంటే ప్రమాదం. పనిలో పని, డబ్బా మీద "కుక్కని ప్రశాంతంగా ఉంచుతుంది" అని రాశారు, అది నమ్మకండి. ఇది కుక్కని పారిపోనివ్వదు, అంతవరకే. వారాలు గడుస్తున్నా సరిగ్గా తినకపోతే, మూలలోంచి బయటికి రాకపోతే వెటర్నరీ డాక్టర్‌ని అడగండి. భయానికి మందులున్నాయి, ఫ్లూఆక్సెటిన్ లాంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి అడగడం మరీ వాయిదా వేయకండి.

నాలుగు స్టార్లే ఇస్తున్నా. మెడపట్టీకి బకిల్ లేదు, తల మీదుగానే వేయాలి. పిరికి కుక్కల కోసమని అమ్మే వస్తువుకి ఇదేం డిజైనో నాకర్థం కాలేదు, తల మీదికి ఏదైనా వస్తుంటేనే కదా అవి హడలిపోయేది. తడిస్తే నడుము పట్టీ అడ్జస్టర్ జారుతుంది. ఈ సంగతి కంపెనీకి మెయిల్ పెడితే సైజు చార్ట్ మళ్లీ పంపించారు, దండం. చంకల దగ్గర అంచు గరుకుగా ఉండి వెంట్రుకలు రాలుతుంటే మెత్తటి గుడ్డ చుట్టి కుట్టాం. కొత్తగా వచ్చినవి బక్కగా ఉంటాయి, తిండి పడ్డాక ఒళ్లు చేస్తాయి, అందుకని తర్వాత వదులు చేసుకోవడానికి పట్టీల్లో సగం మిగిలేలా సైజు తీసుకోండి, పట్టీ కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో తరచూ చూస్తుండండి. మెడ దగ్గర కూడా బకిల్ ఉన్న మోడల్ దొరికితే ఇది వదిలేసి అదే కొనండి.