టోక్యో గాడ్‌ఫాదర్స్, షాప్‌లిఫ్టర్స్: ముందు ఏది చూడాలి?

రెండూ జపనీస్ సినిమాలు, రెండూ టోక్యో కథలే. రెండింటిలోనూ ఏ చుట్టరికమూ లేని మనుషులు ఒకచోట చేరతారు, ఎవరికీ అక్కర్లేని ఓ పిల్ల వాళ్ల చేతికొస్తుంది. సతోషి కోన్ 2003లో తీసిన టోక్యో గాడ్‌ఫాదర్స్ యానిమేషన్. హిరోకజు కొరేఎడా 2018లో నటులతో తీసిన షాప్‌లిఫ్టర్స్‌కు కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ దోర్ వచ్చింది. అవార్డు చూసి చాలామంది దాన్నే ముందు పెట్టుకుంటారు. నా ఓటు మాత్రం కోన్‌కే.

కోన్ సినిమాలో తాగుబోతు గిన్, ట్రాన్స్ మహిళ హానా, ఇంట్లోంచి పారిపోయొచ్చిన మియుకి. ముగ్గురికీ రోడ్డే ఇల్లు. క్రిస్మస్ రాత్రి చెత్తలో పసికందు దొరికితే పోలీసులకు ఇచ్చేద్దామంటాడు గిన్. హానా ససేమిరా అంటుంది. కన్నతల్లిని పట్టుకుని, ఎందుకు వదిలేశావని అడగాలట. తనూ తల్లి ఎవరో తెలియకుండా పెరిగిన మనిషే మరి. కోపం, ఏడుపు, మురిపెం, అన్నీ ఆమె ముఖం మీద ఇష్టమొచ్చినట్టు సాగుతాయి. నటులెవరైనా అలా చేస్తే ఓవరాక్షన్ అనేవాళ్లం. బొమ్మల్లో అదే ప్రాణం పోసింది.

లాజిక్ అడిగేవాళ్లకు కొంచెం కష్టమే. చనిపోయిందని గిన్ చెప్పుకు తిరిగిన కూతురు, హానాను చేర్పించిన ఆసుపత్రిలోనే నర్సుగా ఎదురవుతుంది. అడుగడుగునా ఇలాంటివే. అదృష్టం అనేది ఎరగని ముగ్గురి మీద దాన్ని కుమ్మరించాలని దర్శకుడు పట్టుబట్టాడనిపిస్తుంది. నాకది నచ్చింది.

షాప్‌లిఫ్టర్స్‌లో అలాంటి దయ ఉండదు. ముసలావిడ పెన్షన్, దొంగతనాలు, కూలి పనులు, వీటి మీదే ఇల్లు నడుస్తుంది. ఆవిడ చనిపోతే శవాన్ని ఇంటి కిందే పాతిపెట్టి, పెన్షన్ డబ్బు తీసుకుంటూనే ఉంటారు. ప్రేమ ఎక్కడ ఆగి అవసరం ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఈ ఒక్క విషయంలో కొరేఎడాదే పైచేయి. పిల్లలు నిన్ను ఏమని పిలిచేవారని విచారణలో అడిగినప్పుడు, ఆ ఇంట్లో తల్లిలా ఉండే పాత్ర వేసిన సకురా ఆండో కన్నీళ్లు తుడుచుకునే తీరు కోసమైనా ఈ సినిమా చూడాలి. కానీ రెండు గంటలు, నెమ్మదిగా నడుస్తుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజు పెట్టుకోవద్దు.

కోన్ సినిమా గంటన్నరే, నవ్విస్తుంది కూడా. అయితే బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లలను కూర్చోబెట్టకండి, గిన్‌ను కుర్రాళ్లు చితకబాదే సీన్ ఉంది.