పీఎస్5 మూడు ఎండాకాలాల తర్వాత: అనంతపురంలో డిస్కు మోడలే ఎందుకంటే

సోనీ వాళ్ల ఆటల కన్సోల్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) రెండు రకాలు: డిస్కు పెట్టి ఆడేది ఒకటి, ఆటలన్నీ ఇంటర్నెట్‌లోంచే దించుకునే డిజిటల్ ఒకటి. డిజిటలా, డిస్కా? మూడు ఎండాకాలాలు వాడినాక కూడా నా జవాబు డిస్కే. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ ధర 49,990, డిజిటల్ 39,990. 2022 నవంబరులో రెండూ ఐదేసి వేలు పెరిగినాయి గాని మధ్యన పదివేల తేడా అప్పటికి అట్లే నిలిచింది. డిజిటల్ కొంటే ఆ పదివేలు మిగిలినట్టే కనబడుతుంది. కానీ సోనీ పెద్ద ఆట కొత్తది 4,999. డిస్కు అయితే ఆడేసి రెండు నెలల్లోపు అమ్మితే సుమారు సగం వెనక్కి వస్తుంది, నాలుగు ఆటలకు లెక్క సరి. డిజిటల్‌లో కొన్నది అమ్మడానికి లేదు, పక్కింటి పిల్లోనికి రెండ్రోజులు ఇద్దామన్నా లేదు. అమ్మే అంగడి ఒక్కటే, వాళ్లు సేల్ పెట్టిందాకా కాచుకోవాల్సిందే.

అట్లని డిస్కు ఉంటే డౌన్‌లోడ్ తప్పుతుందనుకోవద్దు. డిస్కు పెట్టగానే ఆట మొత్తం ఎస్ఎస్‌డీలోకి (లోపలి స్టోరేజీలోకి) ఎక్కుతుంది, ఆ తర్వాత డిస్కు పని తాళంచెవి పనే. దానిమీద అప్‌డేట్లు వేరే. 40 ఎంబీపీఎస్ ఫైబర్ మీద 100 జీబీ దిగాలంటే ఐదున్నర గంటలు, అదీ లైన్ నిండుగా వస్తే. సెట్టింగ్స్‌లో సిస్టం, పవర్ సేవింగ్‌కు పోయి రెస్ట్ మోడ్‌లోనూ ఇంటర్నెట్ ఉండేలా ఆన్ చేసుకుంటే రాత్రికి రాత్రే దిగిపోతుంది.

మన పక్క అసలు సమస్య వేడి, దుమ్ము. పెట్టెతో వచ్చే కాగితంలో పనిచేసే ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మిద్దె ఇంటి పైగదిలో ఏసీ లేకపోతే గదే ఆ హద్దు దాటుతుంది. ఎండాకాలం సాయంత్రం ఏడు తర్వాతే పెద్ద ఆటలు పెట్టుకోవడం మేలు. గోడకూ కన్సోల్‌కూ కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, అద్దాల తలుపున్న టీవీ స్టాండులో పెట్టి మూయకూడదు. దుమ్ము పడుతుందని ఆడేటప్పుడు కూడా టవల్ కప్పే మహానుభావులున్నారు, అది కన్సోల్‌కు దుప్పటి కప్పి జ్వరం తెప్పించడమే. కూలర్ తడిగాలి కూడా నేరుగా దానిమీదికి రాకూడదు.

శుభ్రం చేయడం తేలికే. పాత లావు మోడల్‌లో స్టాండు తీసి, తెల్ల పలక మూల ఎత్తి పక్కకు జరిపితే ఊడొస్తుంది, పలకకు స్క్రూలు విప్పే పనిలేదు. లోపల ఫ్యాను, దుమ్ము చేరడానికే పెట్టిన రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాక్యూమ్ క్లీనర్ తక్కువ స్పీడులో పెట్టి లాగాలి. బ్లోయర్‌తో లోపలికి ఊదితే దుమ్ము హీట్‌సింకులోకి (వేడి లాగే లోహపు రేకుల్లోకి) పోతుంది, ఫ్యాను గిర్రున తిరిగి పాడవుతుంది. ఎటు చేసినా ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. ఊరి బయట ఇల్లైతే రెండు నెలలకోసారి, లేకుంటే నాలుగు నెలలకోసారి చాలు. అంతకన్నా లోతుకు మాత్రం పోవద్దు. చిప్ వేడి లాగడానికి దానిమీద ఉండేది మామూలు పేస్టు కాదు, లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం). అది పక్కకు జారి బోర్డు మీద పడితే షార్టే.

కరెంటు సంగతి. ఆడేటప్పుడు కన్సోల్ సుమారు 200 వాట్లు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ మీద టీవీతో కలిపితే కొన్ని నిమిషాలే వస్తుంది, సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ ఉంటే వెనక మోడ్ స్విచ్ చూడండి. అది యూపీఎస్ మోడ్‌లో లేకుంటే కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణంలోనే కన్సోల్ ఆగిపోవచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపకపోవడమే మంచిది.

పాత మోడల్‌లో స్టోరేజీ 825 జీబీ అంటారు గాని వాడుకోడానికి చిక్కేది 667. పెద్ద ఆటలు ఐదారు ఎక్కేసరికి నిండిపోతుంది. లోపల అదనంగా ఎం.2 ఎస్ఎస్‌డీ (చిన్న పట్టీలాంటి స్టోరేజీ) వేసుకోవాలంటే జెన్4 రకం, సెకనుకు 5,500 మెగాబైట్లు లేదా అంతకన్నా ఎక్కువ రీడ్ స్పీడు ఉన్నది కావాలి, హీట్‌సింకుతో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు. పెద్ద హీట్‌సింకు ఉన్నది తెచ్చుకుని మూత పట్టక తిప్పి పంపేవాళ్లున్నారు. యూఎస్‌బీ హార్డ్‌డిస్కులో పీఎస్5 ఆటలు దాచుకోవచ్చు, ఆడలేరు. పీఎస్4వి మాత్రం ఆడుకోవచ్చు.

కంట్రోలర్ స్టిక్ వదిలేసినా బొమ్మ దానంతటదే నడిచే జబ్బు ఒక్క కంపెనీది కాదు. స్టిక్ ఎటు వంగిందో కొలిచే పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పొర అరిగి వస్తుంది. ఐపీఏ (శుభ్రం చేసే ఆల్కహాల్) చుక్కలు వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు వేయించడం మేలు, కానీ పాతది ఊడదీయాలంటే టంకం పని బాగా తెలిసినోళ్లు కావాలి. వేసినాక కాలిబ్రేషన్ (నడిమి స్థానం సరిచేయడం) చేయకుంటే కొత్తది కూడా ఒకపక్కకు గుంజుతుంది.

ఇక కంపెనీల వ్యాపారం. 2014లో వచ్చిన కారు పందేల ఆట ‘ది క్రూ’ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసినారు. ఒంటరిగా ఆడేవాళ్లకూ సర్వర్ కావాల్సిందే గనక ఆ రోజుతో డిస్కు ఉన్నా ఆట పోయింది. సోనీ వాళ్ల ఆన్‌లైన్ ఆట ‘కాంకార్డ్’ రెండు వారాలకే మూతపడింది, దానికైతే డబ్బు వెనక్కిచ్చినారు. అందుకే ఆన్‌లైన్ తప్పనిసరి అని డబ్బా మీద ఉంటే నేను సగం ధరకు దిగేదాకా చేయి పెట్టను. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోకు డిస్కు డ్రైవే లేదు, విడిగా కొనుక్కోవాలి. 6 గిగాహెర్ట్జ్ వైఫై అనుమతి లేక అది అప్పట్లో మన దేశానికే రాలేదు. రాబోయే తరం ఎటు పోతోందో దాంట్లోనే తెలుస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో స్లిమ్ (తర్వాత వచ్చిన సన్న మోడల్) కొనేటట్టుంటే దాని డ్రైవు ఊడొచ్చే రకం, కొత్త కన్సోల్‌కు పెడితే మొదటిసారి ఇంటర్నెట్‌తో జత కలపాలి. డబ్బులిచ్చే ముందు ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, ఒక డిస్కు పెట్టి, అరగంట ఆడి చూసి తీసుకోండి.