ఇంట్లో చేసుకున్న పార్సెల్ ట్రే: కొన్ని వేసవులు వాడాక

హ్యాచ్‌బ్యాక్ కార్లలో వెనక సీటుకీ డిక్కీ డోర్‌కీ మధ్య మూతలా ఉండే పలకనే పార్సెల్ ట్రే అంటాం. అది విరిగితే కొత్తది దొరకడం అంత తేలిక కాదు. కంపెనీ తయారీ ఆపేసిన మోడల్ అయితే ఇక చెప్పక్కర్లేదు. నా కారుకి ప్లైవుడ్‌తో నేనే చేసుకున్నాను. ఎండలు, వానలు, గతుకుల రోడ్లు అన్నీ చూశాక ధైర్యంగా చెబుతున్నా: కారుతో వచ్చిన ట్రే కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది. వంగలేదు, ఊడలేదు, అన్నిటికీ మించి చప్పుడు చెయ్యదు.

పాతది ఎందుకు పాడైందో ముందు చెప్పాలి, ఎందుకంటే కొత్తది దేనితో చెయ్యాలో దాన్నిబట్టే తేలింది. అది చెక్కపొట్టును అట్టలా నొక్కి చేసిన పలక. వెనక అద్దం కింద రోజంతా ఎండ తింటూ, పైన పెట్టిన బ్యాగుల బరువు మోస్తూ మెల్లగా మధ్యలో కుంగిపోయింది. మూసిన కారులో వేడి ఎంత ఉంటుందో చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన కొలతల ప్రకారం, అక్కడి వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కి, డాష్‌బోర్డ్ 69 డిగ్రీలకి చేరాయి. వెనక అద్దం కింద ఉండే పలక పరిస్థితి కూడా దాదాపు అంతే.

ఈ ఒక్క లెక్కతో చాలా వస్తువులు పక్కకి పోతాయి. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కారు లోపలికి క్లిప్పులో పిన్నులో ప్రింట్ చేసుకునేవాళ్లు కనీసం 100 డిగ్రీల దాకా తట్టుకునే ఏబీఎస్, ఏఎస్‌ఏ లాంటి ప్లాస్టిక్‌లు చూసుకోవాలి. బోర్డులు రాసే ఫోమ్ షీట్ తేలికే కానీ ఎండకి ఒంగిపోతుంది. నేను 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ తీసుకున్నాను. దాని పొరల్ని అంటించే ఫినాలిక్ జిగురు వేడికీ తేమకీ ఊడదు. మామూలు ప్లైవుడ్‌లో వాడే యూరియా జిగురుతో పోలిస్తే ఫార్మాల్డిహైడ్ వాసన కూడా తక్కువ, మూసిన కారులో ఇది ముఖ్యం. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ముక్క బరువు సుమారు రెండు కిలోలు ఉంటుంది. 9 మి.మీ. తీసుకుంటే గట్టిగా ఉంటుంది కానీ డోర్ ఎత్తిన ప్రతిసారీ ఆ బరువు, ట్రేని డోర్‌తో పాటు పైకి లేపే తాళ్ల మీద పడుతుంది. అందుకే పలచటి ప్లై తీసుకుని, వెనక అంచు పొడవునా అడుగున ఒక సన్నటి చెక్క పట్టీ అంటించాను. మధ్యలో కుంగకుండా కాపాడుతున్నది ఆ పట్టీయే.

కొలతల కోసం పాత ట్రేని పెట్టి గీయలేదు. అది అప్పటికే ఆకారం తప్పింది. కారులోనే కొలత తీసుకున్నాను: మధ్యలో పెద్ద అట్టముక్క పరిచి, చుట్టూ వేలెడు వెడల్పు అట్టపట్టీల్ని ఒక్కొక్కటిగా పక్క ప్లాస్టిక్‌కి తగిలేదాకా జరిపి, అక్కడికక్కడ టేప్ వేశాను. ఎంత వంకర అంచయినా ఈ పద్ధతిలో అచ్చంగా దిగుతుంది. ఒక పక్క కొలిచి, అట్ట మడిచి రెండో పక్కకి అదే కోసుకోవడం మాత్రం వద్దు. కారు రెండు పక్కలా ఒకేలా ఉండాలని ఏమీ లేదు.

ఇక చప్పుడు సంగతి. ట్రేకి ఇదే అసలు పరీక్ష, నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది కూడా ఇక్కడే. పక్కల ఉండే ప్లాస్టిక్ భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. వేడికి అవి ప్లైవుడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఉన్న సందు మధ్యాహ్నానికి ఉండదు. బిగుతుగా కోస్తే వేడికి రాసుకుని కిర్రుమంటుంది, వదులుగా కోస్తే పొద్దున్నే లొడలొడమంటుంది. అట్ట కొలత కంటే చుట్టూ 5 మి.మీ. తగ్గించి కోశాను. అందులో 3 మి.మీ. కార్పెట్ మందానికి పోతుంది, మిగిలింది ప్లాస్టిక్ కదలడానికి. ట్రే కూర్చునే అంచుల మీద మందపాటి ఫెల్ట్ టేప్ వేశాను. ఆ మెత్తటి పట్టీ రెండు మి.మీ. తేడాని తేలిగ్గా మింగేస్తుంది. గతుకుల్లో వెళ్తూ వెనక్కి చెవి పెట్టి వింటే జాకీ పనిముట్ల చప్పుడు వినిపిస్తుంది కానీ ట్రే నుంచి ఏమీ రాదు.

ట్రే తిరగడానికి పక్కల పిన్నులు ఉండాలి. వాటికి బదులు చిన్న బోల్టులు బిగించి, వాటి మీద పెట్రోల్ పైపు ముక్కలు తొడిగాను. రబ్బరు ఉంది కాబట్టి ప్లాస్టిక్ గాడిలో ఇనుము ఆడదు. తాళ్ల పొడవు కుదర్చడానికి ఓపిక కావాలి. డోర్ పూర్తిగా ఎత్తినా ట్రే వెనక అద్దానికి తగలకూడదు, అద్దం మీది డీఫాగర్ గీతల్ని (మసక పోగొట్టే సన్నటి వేడి తీగల్ని) అస్సలు రాసుకోకూడదు.

కార్పెట్ ఎక్కించే ముందు ప్లై అంచులకి వార్నిష్ తప్పకుండా పట్టించాలి, తేమ లాగేది అంచులే. రంగు నలుపు లేదా ముదురు బూడిదే మంచిది. లేత రంగైతే వెనక అద్దంలో దాని ప్రతిబింబం పడి, రియర్‌వ్యూ మిర్రర్‌లో రోడ్డు మసకగా కనిపిస్తుంది. ఇంట్లో మిగిలిన తివాచీ ముక్క కాకుండా, కార్ల కోసం చేసిన కార్పెట్టే కొన్నాను. దానికి కారణం నిప్పు. అమెరికాలోని ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 302 నిబంధన ప్రకారం, కారు లోపలి గుడ్డ, ఫోమ్ లాంటివి అంటుకున్నా మంట నిమిషానికి 102 మి.మీ. కంటే వేగంగా పాకకూడదు. ఇంటి తివాచీని ఆ లెక్కన పరీక్షించరు. రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక నొక్కాలి. బయటికి ఉబ్బిన వంపుల దగ్గర అడుగుకి మడిచే అంచులో వీ ఆకారపు ముక్కలు తీసేస్తే మడతలు రావు.

లోపాలూ ఉన్నాయి. డోర్ వైపు ఒక మూల జిగురు వేసవికి మెత్తబడి కార్పెట్ కొద్దిగా లేచింది. అడుగున 4 మి.మీ. పిన్నులు కొట్టాక మళ్లీ కదల్లేదు. అద్దానికి దగ్గరగా ఉన్న భాగంలో నలుపు వెలిసి కాస్త గోధుమరంగుకి తిరిగింది. వెనక సీటు పడుకోబెట్టినప్పుడు ట్రే తీసి పెట్టడానికి రెండు చేతులూ కావాలి, పాతది ఒక చేత్తో వచ్చేసేది.

గట్టిగా ఉంది కదా అని దీని మీద బరువులు మాత్రం పెట్టను. కారు గంటకి 50 కి.మీ. వేగంతో దేనినైనా గుద్ది ఆగిపోతే, ట్రే మీద వదులుగా ఉన్న వస్తువు అదే వేగంతో, అంటే సెకనుకి దాదాపు 14 మీటర్ల చొప్పున, వెనక సీటులో వాళ్ల తలల వైపు దూసుకొస్తుంది. గొడుగు, టోపీ వరకే పర్లేదు. అలాగే ఈ పని బాగా కుదిరిందని స్టీరింగ్ మధ్య మూతనో, ముందు అద్దం పక్క స్తంభాల కవర్లనో, సీటు పక్కల ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న భాగాలనో ఇంట్లో చెయ్యడానికి దిగొద్దు. లోపలి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అక్కడ కవర్ ఎలా చిరగాలో, ఎటు తెరుచుకోవాలో కూడా తయారీలోనే లెక్కవేసి పెడతారు. పార్సెల్ ట్రే, డిక్కీ అడుగు పలక, స్టెప్నీ మీది మూత లాంటివైతే నిశ్చింతగా చేసుకోవచ్చు. నాది వెలిసిన చోట కార్పెట్ మార్చాలనుకుంటున్నా. లోపలి ప్లై మాత్రం స్కేలు పెట్టి చూసినా ఇప్పటికీ తిన్నగానే ఉంది.